తల ఒడ్డి ఆడినవాడు

1962 సెప్టెంబర్ 4, జకార్తాలోని సెనాయన్ స్టేడియం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ చూడ్డానికి లక్షమందికి దగ్గరగా జనం వచ్చారు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడం తప్పని మన దేశపు క్రీడాధికారి జి.డి. సోంధి అన్నందుకు ఆ ఊరంతా భారతీయుల మీద మండిపడుతున్న రోజులవి. జాతీయ గీతం మొదలవగానే స్టేడియం గోలెత్తిపోయింది. ఎదుట దక్షిణ కొరియా, లీగ్ దశలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. మన వైపు చూస్తే సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబడ్డ జర్నైల్ సింగ్ అసలు డిఫెండరు. పైగా అంతకుముందు థాయ్‌లాండ్‌తో ఆడుతూ తల పగలగొట్టుకుని కుట్లు వేయించుకున్నవాడు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం తగ్గీ తగ్గకముందే లేచి వచ్చాడు.

పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. మరో మూడు నిమిషాలకు, తలకు కుట్లున్నా, జర్నైల్ ఇంకొకటి సాధించాడు. కొరియా ఆఖర్లో ఒకటి తిప్పికొట్టినా మ్యాచ్ మనదే, 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు బంగారు పతకం రావడం అదే ఆఖరు.

ఆ రోజు ముందు వరసలో అయిదుగురు ఆడారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరామ్, జర్నైల్ సింగ్, ఈ నలుగురి పేర్లూ ఆట మీద కాస్త మక్కువ ఉన్న ఎవరినడిగినా చెబుతారు. అయిదో పేరు దగ్గర ఆగిపోతారు. ఆయన మహమ్మద్ యూసుఫ్ ఖాన్. 1937 ఆగస్టు 5న పుట్టిన హైదరాబాదీ, పోలీసు జట్టు హాఫ్‌బ్యాక్. ముందు వరసలో మనిషి అవసరమైతే కోచ్ ఆయన్ను అక్కడ నిలబెట్టారు. నడుమ అవసరమైతే నడుమ ఆడించారు. ఎక్కడ పెట్టినా ఆ చోటు తనదే అన్నట్టు ఆడినవాడు.

హాఫ్‌బ్యాక్ పని ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. జట్టును నిలబెట్టే పాత పద్ధతి వేరు. గోల్‌కీపర్ ముందు ఇద్దరు బ్యాక్‌లు, వాళ్ళ ముందు ముగ్గురు హాఫ్‌లు, ఆపైన అయిదుగురు ఫార్వర్డ్‌లు. ఎదుటి గోల్‌కీపర్ ఆకాశానికెత్తి కొట్టిన బంతి ఎక్కువసార్లు వచ్చిపడేది హాఫ్‌ల మీదే. దాన్ని తలతో ఆపాలి, కాలి దగ్గరికి దించుకోవాలి, ఖాళీగా ఉన్న మనవాడెవడో చూసి అందించాలి, ఆ వెంటనే వెనక్కి పరుగెత్తి ఎదుటివాడి దారికి అడ్డం పడాలి. తొంభై నిమిషాలూ ఇదే పని. గోల్ పడితే కొట్టినవాడి ఫొటో పేపర్లో వస్తుంది. గోల్ తింటే బ్యాక్‌నూ గోల్‌కీపర్నీ తిడతారు. హాఫ్ పేరు మ్యాచ్ రిపోర్టు అడుగున, జట్టు జాబితాలో ఉంటుంది.

అప్పటి బంతి కూడా ఇప్పటిలాంటిది కాదు. తోలు ముక్కలు కుట్టి, లోపలి బ్లాడర్‌లో గాలి నింపి, నోటి దగ్గర తోలు తాడుతో బిగించిన బంతులు చాలాకాలం నడిచాయి. మన దగ్గరా కలకత్తాలోనూ ఆట జోరుగా సాగేది వానాకాలంలో. బురదలో దొర్లి నీళ్ళు తాగిన తోలు బంతి బరువెక్కేది. ఆ తాడు ముడి నుదుటికి తగిలితే చర్మం చిట్లేది. అయినా హాఫ్ తల పక్కకు తిప్పుకోకూడదు. తిప్పుకున్నవాడికి మరుసటి మ్యాచ్‌లో చోటుండదు.

యూసుఫ్ ఖాన్‌ను తయారుచేసిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టు కోచ్ బాధ్యత కూడా తీసుకున్నారు. ఆ ఏడాది మొదలు 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా అయిదేళ్ళు హైదరాబాద్ పోలీసులదే. ఆయన పద్ధతులు పంతులుగారి పద్ధతులే. కుర్రాళ్ళకు డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టేవారు. బంతి కాలికి తగిలిందంటే ఇంకొకడికి ఇచ్చేయాల్సిందే. వాటం లేని కాలితోనే ఆడాలని మరో రకం పోటీలు నడిపేవారు. కుడికాలి ఆటగాడు సీజనంతా ఎడమ కాలితో తంటాలుపడి, చివరికి రెండు కాళ్ళవాడై బయటికొచ్చేవాడు. ఒకడి ప్రతాపం మీద ఆధారపడని జట్టు కావాలన్నది ఆయన పట్టుదల. అలాంటి జట్టుకు ప్రాణం నడుమ వరసలో ఉంటుంది. హెల్సింకి, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆడిన నూర్ మహమ్మద్ హైదరాబాద్ పోలీసు హాఫే. రోమ్ జట్టులో చోటు దక్కిన ఎస్.ఎస్. హకీం, రహీం కొడుకు, ఆయనా నడుమ వరస ఆటగాడే. యూసుఫ్ ఖాన్ ఆ బడిలో చదువుకున్న చిన్నవాడు.

పోలీసు జట్టులో చోటంటే అప్పట్లో ఏమిటో కూడా చూడాలి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగేనాటికి యూసుఫ్‌కు పదకొండేళ్ళు. నిజాం కొలువులు పోయి, ఆదాయం పడిపోయి, చాలా ముస్లిం ఇళ్ళు ఏం చేయాలో తోచక కూర్చున్న కాలం. అలాంటి నగరంలో బంతి బాగా ఆడే కుర్రవాడికి పోలీసు జట్టు పిలుపు వచ్చిందంటే నెల నెలా జీతం, ఒంటి మీద యూనిఫాం, ఊళ్ళో మర్యాద. పేరుకు అమెచ్యూర్ ఆటే గానీ ఆ జీతం కాలి పనికి ఇచ్చే జీతమే. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చే బలరామ్‌కు ప్రాక్టీసుకు రావడానికి చార్జీలు లేకపోతే, అద్దె సైకిల్‌కు రహీమే డబ్బులిచ్చేవారట. ఆ తరం ఆటగాళ్ళ బతుకులు అంత సన్నగా నడిచాయి. కప్పులు మాత్రం రైళ్ళలో వచ్చేవి. 1956-57లో, మళ్ళీ 1957-58లో రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కే వచ్చింది. 1960లో రోవర్స్ కప్పు, 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు. అప్పటికి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది.

1960లో యూసుఫ్ ఖాన్ రోమ్ ఒలింపిక్స్ జట్టుతో వెళ్ళారు. హంగరీ చేతిలో 2-1తో ఓడినా, ఫ్రాన్స్‌తో 1-1గా నిలబడిన జట్టది. ఆ తరవాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ మెట్టు ఎక్కలేదు. రెండేళ్ళకు జకార్తా. అక్కడికి వెళ్ళేనాటికే రహీం ఊపిరితిత్తుల్లో కేన్సర్ ముదురుతోంది. పతకం తెచ్చి తొమ్మిది నెలలు గడిచాయో లేదో, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. అదే ఏడాది బలరామ్ ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవయ్యేడేళ్ళకే ఆట మానుకోవలసి వచ్చింది.

యూసుఫ్ ఖాన్ ఇంకా ఆడుతూనే ఉన్నారు. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి ఆంధ్రప్రదేశ్ విజేత అయింది. 1966లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. నా లెక్కన హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు అదే ఎత్తు. ఆ తరవాత దిగుడే. కుర్రాళ్ళు కలకత్తా దారి పట్టారు. అక్కడి పెద్ద క్లబ్బులు ఇచ్చే డబ్బు మన పోలీసు జీతం ఇవ్వలేదు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్ అక్కడికి వెళ్ళి పేరు తెచ్చుకున్నారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, 2-2గా ముగిసిన ఆ మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ కొట్టింది మన హబీబే. అది చూసి మనం మురిసిపోయాం. కానీ ఆటగాడు మనవాడు, ఆట వాళ్ళది. రహీం తరవాత పంతులు దొరకలేదు. అసోసియేషన్‌లో పేచీలు పెరిగాయి. ఆఫీసుల జట్లు ఒక్కొక్కటే చిక్కిపోయాయి.

ఈ కథ చెబుతుంటే నాకు అమెరికా ఆటగాడు జిమ్ థార్ప్ గుర్తుకొస్తాడు. ఆయన ఆట వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని, మీదపడే మనుషుల్ని తోసుకుంటూ పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. అందులోనూ హాఫ్‌బ్యాక్ ఉంటాడు, థార్ప్ ఆడిందీ ఆ చోటే. థార్ప్ శాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన ఆదివాసి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు ఎప్పుడో చిన్న ఊళ్ళలో కొద్దిపాటి డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని తేలడంతో మరుసటి ఏడాది ఆ పతకాలు లాక్కున్నారు. 1915లో ఒహాయోలోని కాంటన్ బుల్‌డాగ్స్ జట్టు మ్యాచ్‌కు 250 డాలర్లిచ్చి ఆయన్ను తెచ్చుకుంది. 1920లో అదే కాంటన్‌లో కొన్ని జట్లు కలిసి లీగ్ పెట్టుకున్నప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. నేడు వేల కోట్ల డాలర్ల వ్యాపారంగా నడిచే ఎన్.ఎఫ్.ఎల్. ఆ లీగే. నలభై దాటేదాకా ఆడాడు. ఆట అయిపోయాక సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు, పలుగూ పారా పట్టి మట్టి తవ్వాడు. 1951లో పెదవికి కేన్సర్ వస్తే ధర్మానికి ఆపరేషన్ చేశారు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో, తానుండే ట్రైలర్ ఇంట్లో ప్రాణం విడిచాడు. అంతకు మూడేళ్ళ ముందే ఆ దేశపు పత్రికారచయితలు ఆయన్ను అర్ధశతాబ్దపు మేటి క్రీడాకారుడిగా ఎన్నుకున్నారు. పొగడ్త వేరు, పూట గడవడం వేరు. పతకాలు 1983లో పిల్లల చేతికిచ్చారు. ఒలింపిక్ రికార్డుల్లో ఏకైక విజేతగా ఆయన పేరు తిరిగి రాయడానికి 2022 దాకా పట్టింది.

థార్ప్ కాలంలో తలకు తోలు టోపీయే రక్షణ, అదీ పెట్టుకుంటే పెట్టుకున్నట్టు, లేకపోతే లేనట్టు. 1943లో గానీ ఎన్.ఎఫ్.ఎల్. హెల్మెట్‌ను తప్పనిసరి చేయలేదు. హెల్మెట్ వచ్చాక కూడా తలలకు రక్షణ దొరకలేదు. 2002లో పిట్స్‌బర్గ్‌లో బెన్నెట్ ఒమాలు అనే డాక్టరు, చనిపోయిన ఎన్.ఎఫ్.ఎల్. మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును పరీక్షించాకే, దెబ్బల మీద దెబ్బలు తిన్న తల లోపల ఏం జరుగుతుందో లోకం పట్టించుకుంది. అదే ఏడాది ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ ఆస్టిల్ యాభై తొమ్మిదేళ్ళకే చనిపోతే, ఏళ్ళ తరబడి బరువైన బంతిని తలతో కొట్టడమే కారణమని అక్కడి విచారణాధికారి తేల్చారు. 2019లో గ్లాస్గో పరిశోధకులు 7,676 మంది స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళ వివరాలు వెలికితీశారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే వాళ్ళకు మూడున్నర రెట్లు. తరవాత ఇంకా లోతుగా చూస్తే ఆ ప్రమాదం డిఫెండర్లలో అన్నిటికన్నా ఎక్కువ, బంతిని చేత్తో పట్టే గోల్‌కీపర్లలో పెరగనే లేదు.

యూసుఫ్ ఖాన్‌కు చివరి ఏళ్ళలో పార్కిన్సన్స్ వచ్చింది. ఎక్కడ ఏ బంతి పడుతుందో అందరికన్నా ముందు కనిపెట్టి అక్కడికి చేరుకున్న మనిషికి ఒళ్ళు మాట వినని స్థితి. చెయ్యి వణుకుతుంది, అడుగు తడబడుతుంది, మొహంలో కండరాలు బిగుసుకుపోయి నవ్వు కూడా బయటికి రాదు. పార్కిన్సన్స్‌తో ఉన్నవాళ్ళను దగ్గరగా చూసినవారికి తెలుసు. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి పది నిమిషాలు, కాఫీ కప్పు ఎత్తాలంటే రెండు చేతులు. ఒక మనిషి జబ్బుకు ఫలానా దెబ్బే కారణమని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు, నేను చెప్పబోను. కానీ స్కాట్లండ్ తన ఆటగాళ్ళ జాబితా తీసి ఎవరికేమైందని వెతికింది. మన హాఫ్‌లకు, బ్యాక్‌లకు ఏమైందో అలా వెతికి ఉండాల్సింది. 2006 జూలై 1న యూసుఫ్ ఖాన్ కన్నుమూశారు. ఆసియా బంగారు పతకం, ఒలింపిక్స్, అర్జున అవార్డు ఉన్న మనిషి. నగరం ఆ రోజు మామూలుగానే నడిచింది. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మిగిలినవాళ్ళూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. తంగరాజ్ 2008లో, హకీం 2021లో. 2023 ఫిబ్రవరిలో బలరామ్. తనకు పద్మ పురస్కారం రాలేదన్న బాధ ఆయన చివరిదాకా దాచుకోలేదు. 2023 ఆగస్టు 15న హబీబ్. ఆయన్నూ పార్కిన్సన్స్ వేధించింది. మరుసటి ఏడాది రహీం మీద తీసిన 'మైదాన్' సినిమా విడుదలైంది. తెర మీద చూడ్డానికి ఆ జట్టులో దాదాపు ఎవరూ లేరు.

మేముండే మణికొండలో రాత్రి పదకొండింటికి కూడా టర్ఫ్‌ల మీద లైట్లు వెలుగుతుంటాయి. అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన ఖాళీ జాగాలో వల కట్టి, పచ్చ కార్పెట్ పరిచి, గంటకింతని అద్దెకిస్తారు. షిఫ్టు ముగించుకుని వచ్చిన కుర్రాళ్ళు అటు అయిదుగురు, ఇటు అయిదుగురు నిలబడి ఆడతారు. ఒంటి మీద బార్సిలోనా, మాంచెస్టర్ జెర్సీలు. వాళ్ళను తప్పుపట్టను. ఆట మీద ప్రేమ లేకపోతే అర్ధరాత్రి జేబులోంచి డబ్బు పెట్టి ఎవరు ఆడతారు? యూసుఫ్ ఖాన్ పేరు వాళ్ళకు చెప్పాల్సినవాళ్ళం చెప్పలేదు. ఖాజాగూడ దాటితే గచ్చిబౌలి. అక్కడి బాలయోగి స్టేడియంలో ఒక స్టాండ్‌కు రహీం పేరు, మరోదానికి యూసుఫ్ ఖాన్ పేరు ఉండాలి. టికెట్ కొన్న పిల్లాడు ఆ పేరు చదివి ఇంటికెళ్ళి అడుగుతాడు. అడిగితే ఇంట్లో ఎవరో ఒకరు వెతికి చెబుతారు.

ఒకసారి ఆ స్టేడియం మీద ఆశ పుట్టింది కూడా. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్ వచ్చింది. కోవిడ్ వల్ల ఇండియన్ సూపర్ లీగ్ 2021-22 సీజనంతా గోవాలోనే జరిగింది. 2022 మార్చి 20న ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషం దాకా వెనకబడి, సాహిల్ తవోరా గోల్‌తో సమం చేసి, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపితే మన జట్టు లీగ్ విజేత అయింది. ఆ జట్టులో హైదరాబాద్ గల్లీల్లో పెరిగినవాళ్ళు కనిపించకపోయినా పేరు మనదే కాబట్టి సంబరపడ్డాం. మరుసటి సీజన్‌లో లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆ తరవాత జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్ళు విడిచిపెట్టి వెళ్ళారు. కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం వేసింది. మిగిలిన చిన్న కుర్రాళ్ళతో 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచారు. ఆ కుర్రాళ్ళు మాత్రం చేతులెత్తేయలేదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. 2024లో క్లబ్ చేతులు మారింది. 2025 అక్టోబర్‌లో పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

యూసుఫ్ ఖాన్ కాలంలో మన పోలీసు జట్టు బొంబాయికీ ఢిల్లీకీ రైలెక్కి వెళ్ళి కప్పు పట్టుకుని ఇంటికి వచ్చేది. ఈ జట్టు ఢిల్లీ వెళ్ళి అక్కడే ఉండిపోయింది.